‘నాకు’ నుంచి ‘నేను’ దాకా

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. అదే రోజు జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. తొమ్మిదో తరగతి తెలుగు నీకు అప్పజెప్పారని, ఈ నెలలోనే వాక్యంలో కర్తని గుర్తించడం, ఆ వెంటనే పిల్లల చేత చిన్న కథ రాయించడం రెండూ పూర్తిచెయ్యాలని రాశావు. “ఒకటి వ్యాకరణం, ఇంకోటి సృజన. వీటిని పక్కపక్కన ఎవడు పెట్టాడ్రా?” అని చిరాకు పడ్డావు కూడా. ఎవరు పెట్టారో గానీ మంచి పని చేశారు. నేను కూడా చాలా ఏళ్లు ఆ రెండింటినీ విడివిడిగా చెప్పాను. ఇప్పుడు మాత్రం అవి ఒకే పాఠమని నాకు గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు కర్త సంగతి. “పని చేసేవాడు కర్త” అని పిల్లలు చిన్న తరగతుల్లోనే బట్టీ పట్టి వస్తారు. “రవి బంతి విసిరాడు” అని రాస్తే “రవి” అని ఠక్కున చెప్తారు. అక్కడితో అయిపోయిందనుకోకు. బోర్డు మీద “నాకు ఆకలి వేసింది” అని రాసి, ఇందులో కర్త ఎవరని అడుగు. క్లాసంతా ఒకే గొంతుతో “నేను” అంటుంది. సరే, ఆ “నేను” ఎక్కడుందో వచ్చి చూపించండి అను. ఒక్కసారిగా నిశ్శబ్దం. క్లాసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన నిమిషం అదే.

అప్పుడు నిర్వచనం చెప్పకు, మాటలు మార్చి చూడమను. నాకు ఆకలి వేసింది, మాకు ఆకలి వేసింది, వాళ్లకి ఆకలి వేసింది. మనుషులు మారారు, క్రియ మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. ఇప్పుడు ఇంకో జత ఇవ్వు. నాకు ఆ పాట నచ్చింది. నాకు ఆ పాటలు నచ్చాయి. ఈసారి “నాకు” అలాగే ఉంది, పాట పాటలైంది, క్రియ కూడా దాంతోపాటే మారింది. ఏది మారితే క్రియ మారుతుందో అదే కర్త. ఆకలిని అనుభవించింది నేనే, కానీ వాక్యం పగ్గాలు ఆకలి చేతిలో ఉన్నాయి. ఈ మాట పిల్లలకి చాలా బాగా పడుతుంది. కోపం వచ్చింది, భయం వేసింది, గుర్తొచ్చింది, తెలిసింది, నచ్చింది. మన భాషలో మనసుకి సంబంధించిన సగం మాటలు ఇలా “నాకు”తోనే నడుస్తాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకో, కథల దగ్గర మళ్లీ దీని అవసరం వస్తుంది.

కనిపించని కర్తల గురించి కూడా ఒక పీరియడ్ కేటాయించు. “రేపు వస్తాను” అన్న వాక్యంలో “నేను” అనే మాటే లేదు, అయినా క్రియ చివర ఉన్న “ను”లో కర్త దాక్కుని ఉన్నాడు. “నేను డాక్టర్ని, నువ్వు డాక్టరువి” అన్నప్పుడైతే క్రియే లేదు. అయినా కర్త తన గుర్తుని “డాక్టరు” అన్న మాట మీదే వేసి పోయాడు. ఇక “వచ్చింది” అని ఒక్క మాట బోర్డు మీద రాసి ఎవరు వచ్చారో ఊహించమను. అక్క, పిల్లి, వాన, ఉత్తరం, కరెంటు అని ఎన్నో చెప్తారు. “వచ్చాడు” అంటే సగం గుట్టు బయటపడిపోతుంది. “వచ్చింది” అంటే మనిషో కాదో కూడా తెలియదు. కథని ఆ ఒక్క మాటతో మొదలుపెట్టి, వచ్చిందెవరో మూడో వాక్యం దాకా చెప్పకుండా రాయమన్నాను. అంతకుముందు వ్యాకరణం అంటే తల వేలాడేసే పిల్లలు ఆ రోజు బెల్లు కొట్టినా లేవలేదు.

అసలు మలుపు ఆ తర్వాత వారం వచ్చింది. ఒక అబ్బాయి తన కథలో ఇలా రాశాడు: “నేను తలుపు తీసి లోపలికి వెళ్లి అక్క గట్టిగా అరిచింది.” ఇది ఈ వయసు పిల్లలందరూ చేసే పొరపాటే. ఊహ పరుగెడుతుంటుంది, వాక్యానికి చుక్క పెట్టే ఓపిక ఉండదు, దాంతో మధ్యలో కర్త మారిపోతాడు. తీసి, వెళ్లి, చూసి అనే క్త్వార్థకాలు, అంటే ఈ పని అయ్యాక ఇంకో పని ఉందని చెప్పే క్రియలు, వాడితే వాటికీ చివరి క్రియకీ కర్త ఒకరే ఉండాలని చెప్పి, “వెళ్లగానే అక్క అరిచింది” అని దిద్దాను. వెనక బెంచీలోంచి ఇంకొకడు చెయ్యెత్తాడు. “మరి ‘గాలి వచ్చి దీపం ఆరిపోయింది’ అంటాం కదా సార్? వచ్చింది గాలి, ఆరింది దీపం. కర్తలు ఇద్దరున్నారు.”

చాలా మంచి ప్రశ్నరా అది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. “గాలి వచ్చి అక్క లెక్కలు చేసింది” అని రాశాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వొచ్చిందో చెప్పమన్నాను. “గాలికీ లెక్కలకీ సంబంధం ఏముంది సార్?” అంది ఒకమ్మాయి. అదే జవాబు. మొదటి పని కారణమై రెండోది దాని ఫలితమైతే, కర్తలు ఇద్దరున్నా తెలుగు ఒప్పుకుంటుంది. సంబంధం లేకపోతే ఒప్పుకోదు. గాలి వచ్చి దీపం ఆరిపోయింది. వాన పడి రోడ్డంతా తడిసింది. ఆ మాట అంటూ అంటూనే నాకు స్ఫురించింది, నేను వచ్చే నెల చెప్పబోయే కథా నిర్మాణం ఇదే కదా అని! ఒక సంఘటన ఇంకో సంఘటనకి కారణం కావడం. ఆ రోజే పుస్తకం పక్కన పెట్టి కథలోకి దిగిపోయాం.

ఈ వయసు పిల్లల కథలు ఎలా ఉంటాయో నువ్వే చూస్తావు. “ఆ తర్వాత... ఆ తర్వాత...” అంటూ పోతాయి. లేచాడు, ఆ తర్వాత బడికి వెళ్లాడు, ఆ తర్వాత దారిలో పర్సు దొరికింది, ఆ తర్వాత వాన వచ్చింది. తప్పేం లేదు, రోజు అలాగే గడుస్తుంది మరి. కానీ అది డైరీ అవుతుంది, కథ కాదు. నేను చెప్పే పని ఒక్కటే. ప్రతి “ఆ తర్వాత”నీ కొట్టేసి, అక్కడ “అందుకని” గానీ “కానీ” గానీ పెట్టి చూడమంటాను. పర్సు దొరికింది, అందుకని బడికి వెళ్లకుండా ఆ పర్సు ఎవరిదో వెతుక్కుంటూ వెళ్లాడు. కానీ ఆ ఇంటి వాళ్లు వాణ్ణే దొంగ అనుకున్నారు. ఏదీ కుదరని చోట రెండే దారులు. ఆ సంఘటన తీసెయ్యాలి, లేదా మధ్యలో జారిపోయిన కారణాన్ని పట్టుకురావాలి. వాన సంగతి చాలామంది తీసేశారు. ఒకడు మాత్రం ఆ వానలో పర్సులోని కాగితం మీది అడ్రస్ చెరిగిపోయేలా రాశాడు. నేను ఆ కథని క్లాసులో రెండుసార్లు చదివాను.

త్రికోణం బొమ్మ గీసి చెప్పాలా అని అడిగావు. ప్రారంభం, పైకి ఎక్కడం, పతాక స్థాయి, కిందికి దిగడం, ముగింపు అంటూ గీస్తారే, అది. గియ్యి, కానీ మొదటి రోజు గియ్యకు. మొదట్లో నేను అదే గీసి ఐదు గళ్లు నింపమనేవాణ్ణి. ముప్ఫై మంది ముప్ఫై పేర్లతో ఒకే కథ తెచ్చారు. తర్వాత చదివితే తెలిసింది, ఆ బొమ్మని 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత ఐదంకాల నాటకాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పాడని. అందులో శిఖరం సరిగ్గా నడిమధ్యన ఉంటుంది, తర్వాత రెండు అంకాల పాటు పతనం. నాలుగు పేజీల కథకి అంత దిగుడు ఎక్కడ సరిపోతుంది చెప్పు? చిన్న కథలో పతాక సన్నివేశం దాదాపు చివరికి జరగాలి, మొదలు దానికి వీలైనంత దగ్గరికి రావాలి. కథకి మొదలంటే దానికి ముందు ఇంకేదీ తప్పనిసరి కానిది అని అరిస్టాటిల్ చెప్పిన కొలత ఇక్కడ బాగా పనికొస్తుంది. పిల్లల కథల్లో మొదటి పేరా వేలితో మూసి చదివి చూడు. పదింట ఏడెనిమిది కథలకి ఏ లోటూ రాదు. పిల్లలే చదివి, తమంతట తామే కొట్టేసుకుంటారు.

ఇప్పుడు నేను దాచి ఉంచిన “నాకు” దగ్గరికి వస్తున్నాను.

ఒకమ్మాయి రేడియో గురించి కథ రాసింది. అందులో ఇంట్లో అందరికీ ప్రాణమైన పాత రేడియో ఒకటి పగిలిపోతుంది. ఆ పేరా నాకు ఇంకా గుర్తుంది. “రేడియో కింద పడింది. నాకు భయం వేసింది. అందరికీ తమ్ముడి మీద అనుమానం వచ్చింది. వాడికి దెబ్బలు పడ్డాయి. నాకు ఏడుపు వచ్చింది. చివరికి నిజం తెలిసిపోయింది.” తప్పు ఒక్కటీ లేదు, చక్కటి తెలుగు. అయినా చప్పగా ఉంది. ఎందుకో ఆ అమ్మాయికీ అర్థం కాలేదు. నేను కథ గురించి ఒక్క మాట అనకుండా, ప్రతి వాక్యంలో కర్తని పక్కన మార్జిన్లో రాసుకోమన్నాను. రేడియో, భయం, అనుమానం, దెబ్బలు, ఏడుపు, నిజం. వరసగా ఆరు మాటలు. ఆ వరసని చాలాసేపు చూసి, తలెత్తి, “ఇందులో మనుషులెవరూ ఏమీ చెయ్యలేదు సార్” అంది.

మరి రేడియో ఎలా పడింది అని అడిగాను. “అక్కే పడేసింది సార్, కథ చెప్తున్న అక్క. కానీ భయపడి చెప్పదు.” అంతే, ఆ అమ్మాయి కథ ఆ అమ్మాయికే దొరికింది. మనకి ఎంత చక్కటి జతలున్నాయో చూడు. పడింది, పడేశాను. పగిలింది, పగలగొట్టాను. పోయింది, పోగొట్టాను. తప్పు చేసిన పిల్లలు “పగిలిపోయింది” అంటారు, “పగలగొట్టాను” అనరు. పెద్దవాళ్లం మనమూ అంతే. నేను అందులో ఒక్క వాక్యం కూడా మార్చమనలేదు. ఆ అమ్మాయే మర్నాడు మళ్లీ రాసుకొచ్చింది. మొదటి సగం అలాగే ఉంచింది. రేడియో పడింది, భయం వేసింది, అనుమానం వచ్చింది. దాక్కుంటున్న మనిషి అలాగే మాట్లాడుతుంది కదా! తమ్ముడు ఏడుస్తూ గోడకి ఆనుకుని నిలబడి అక్క వైపు చూస్తాడు. ఒక్కమాట కూడా అనడు. అప్పుడు ఆ అక్క అందరి మధ్యకీ వచ్చి నోరు విప్పుతుంది. “రేడియో నేను పడేశాను.” కథ మొత్తం మీద “నేను” కర్తగా వచ్చింది ఆ ఒక్క వాక్యంలోనే. నాకు ఒళ్లు జలదరించింది.

అందుకే నీకు చెప్తున్నాను, “నాకు” వాక్యాలు తప్పని మాత్రం పిల్లలకి చెప్పకు. అవి మన భాష అందం. ఏ వాక్యంలో కర్త ఎవరో తెలిసి రాస్తున్నారా, తెలియక రాస్తున్నారా అన్నదే చూడు. తెలిసి దాచిన కర్త కథకి బిగువు ఇస్తాడు.

“ఇదంతా కల” అనే ముగింపు నీకు డజన్ల కొద్దీ వస్తుంది, సిద్ధంగా ఉండు. కోప్పడకు, అది బద్ధకం కాదు. పాత్రని పెద్ద ఇబ్బందిలోకి నెట్టేశాక దాన్నెలా బయటికి లాగాలో తెలియక పిల్లలు నిజంగానే టెన్షన్ పడతారు. అప్పుడు అలారం మోగుతుంది, లేదా పోలీసులు వస్తారు. మళ్లీ అదే ప్రశ్న వెయ్యి. పతాక సన్నివేశంలో కర్త ఎవరు? అలారం అని వాళ్లే చెప్తారు. మరి ఇంతసేపూ మనం ఎవరి కోసం చదివాం? గ్రీకు నాటకాల్లో చిక్కుముడి విప్పడానికి దేవుణ్ణి యంత్రంతో రంగస్థలం మీదికి దించేవారట. ముడి కథలోంచే విడాలి గానీ యంత్రం వల్ల కాదని అరిస్టాటిల్ సుమారు 2,300 ఏళ్ల కిందటే అన్నాడని చెప్తే, పిల్లలకి తమ ఇబ్బంది చాలా పాతదని ధైర్యం వస్తుంది.

దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త. మొదటిసారి చదివినప్పుడు ఎర్ర పెన్ను ముట్టుకోకు. ఈ వయసులో కథలో తమ ఇల్లు, తమ భయం పెట్టేస్తారు, దాని మీద గీతలు పడితే మళ్లీ రాయరు. కథ గురించి ఒక ప్రశ్న మాత్రం పెన్సిల్‌తో రాయి. అక్షర దోషాలు, ఒత్తులు రెండో విడతకి ఉంచు. నేను ఒకప్పుడు ఒకబ్బాయి కథ నిండా ఎర్రగా గీసి ఇచ్చాను. ఆ ఏడాది వాడు ఇంకో కథ ఇవ్వలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, చీకటి పడింది, ఇంక ఆపుతాను. వచ్చేవారం “నాకు ఆకలి వేసింది” రాసిన రోజు క్లాసులో ఏం జరిగిందో వివరంగా రాయి. గాలీ దీపం ప్రశ్న వేసే పిల్లవాడు నీ క్లాసులోనూ ఎవడో ఒకడు ఉంటాడు, వాడేమన్నాడో మాత్రం మర్చిపోకుండా రాయి. వీలైతే రెండు కథలు, దిద్దకముందువి, నాకు పంపు.

నీ నేస్తం