రాజమండ్రి నుంచి తిరుపతికి 34 నిమిషాలంట, ఆ విమానం ఎక్కడుందో చెప్పండి

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్తే అండి. మీ యాప్‌లో రాజమండ్రి టు తిరుపతి అని కొడితే దూరం 456 కిలోమీటర్లు, ఫ్లైట్ టైమ్ 34 నిమిషాలు అని పెద్దక్షరాల్లో వస్తుంది, కిందే బుకింగ్ బటన్. నా కంప్లైంట్ ఆ పేజీ మీదే.

మా అమ్మకి 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, రాత్రంతా రైలంటే తన వల్ల కాదు. అందుకే ఆ 34 నిమిషాలు చూసి, పొద్దున్నే మా మధురపూడి ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కితే మధ్యాహ్నానికల్లా కొండ మీదుంటాం కదా అని లెక్కేసుకుని 300 రూపాయల దర్శనం టికెట్లు 3 గంటల స్లాట్‌కి ముందే తీసేసుకున్నా. తీరా ఫ్లైట్ బుక్ చేద్దామని చూస్తే ఆ రోజుకి డైరెక్ట్ ఫ్లైటే లేదు, ఉన్నదల్లా హైదరాబాద్ మీదుగా, శంషాబాద్‌లో నాలుగు గంటలు పడిగాపులు, రేణిగుంటలో దిగేసరికి సాయంత్రం 5 దాటుతుంది. దర్శనం టికెట్ డేట్ మార్చరు కదండీ, ఇంక చేసేదేముంది, ముందు రోజే అలా హైదరాబాద్ మీదుగానే బయల్దేరి తిరుపతిలో రూమ్ తీసుకుని పడుకున్నాం, 2,400 వదిలింది.

మీ చాట్‌లో అడిగితే "డిస్టెన్స్ కరెక్టే సార్" అన్నారు. కరెక్టే, మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే అంతే వస్తుంది, రోడ్డు మీదైతే 550 పైనే. కానీ మేం వెళ్ళిన దారి చూడండి, ముందు పడమరకి శంషాబాద్ దాకా 360, మళ్ళీ అక్కణ్ణుంచి కిందకి రేణిగుంటకి 415 దాకా, అంటే 770 దాటింది. ముక్కేదిరా అంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది.

టైమ్ సంగతి ఇంకా దారుణం. 456ని 34 నిమిషాల్లో అంటే గంటకి 800, అది పెద్ద జెట్ పైకెక్కి నిలకడగా పోయేటప్పటి స్పీడు. ఇలాంటి చిన్న రూట్లలో ఎక్కువగా తిరిగేది ఫ్యాను రెక్కల ఏటీఆర్, దాని స్పీడు 500 చిల్లర, అంటే గాల్లోనే గంట దగ్గర. రన్‌వే దాకా పోవడం, ఎక్కడం, దిగడం, మళ్ళీ గేటు దాకా రావడం ఎవరి ఖాతాలో వేశారు మరి? టికెట్ మీద ఎయిర్‌లైన్ వాళ్ళు వేసే టైములో ఇవన్నీ కలిపే ఉంటాయి, మీ పేజీలోనే లేవు. చెకిన్‌కి ముందే రావడం, బ్యాగుల కోసం బెల్టు దగ్గర నిలబడటం, అలిపిరిలో చెకింగ్, ఘాట్ రోడ్డు, అవి మీ తప్పు కాదు, వదిలేస్తా.

దర్శనం టికెట్ కొనేముందే ఫ్లైట్లు చూసుకోవాల్సింది, అది నా తొందరే, ఒప్పుకుంటా. కానీ విమానమే లేని రోజుకి కూడా నిమిషాలతో సహా టైమ్ ఎలా వేస్తారండీ, మా అమ్మైతే ఇప్పటికీ "ఆ అరగంట విమానం ఏదిరా" అని అడుగుతోంది.

ఆ 456 పక్కన ఇది గీత దూరం, ప్రయాణం దూరం కాదు అని రాయండి. 34 నిమిషాలు తీసేసి ఆ రోజు నిజంగా ఉన్న ఫ్లైట్లలో తక్కువ టైమ్ ఏదో అది వేయండి, లేకపోతే డైరెక్ట్ లేదు అని పెట్టండి. నా దగ్గర పట్టిన కన్వీనియెన్స్ ఫీజు, రూమ్ 2,400 వెనక్కివ్వండి. పేజీ స్క్రీన్‌షాట్, రూమ్ బిల్లు రెండూ జత చేశా. ఈసారి చాట్ బాట్ కాకుండా మనిషి ఎవరైనా చదివి ఫోన్ చేస్తే బావుంటుంది, నంబర్ బుకింగ్‌లోనే ఉంది.

ఇట్లు,
రాజమండ్రి నుంచి మీ కస్టమర్