సెల్లార్‌లోని కారుకు కరెంటు అందుతోంది, వైఫై అందడం లేదు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో ఎలక్ట్రిక్ కార్లు కొన్న తెలుగు కుటుంబాలు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు చాలా కనిపిస్తున్నాయి. ఎక్కువమంది ఉండేది అపార్ట్‌మెంట్లలో కాబట్టి కారు రాత్రంతా నిలిచి ఉండేది సెల్లార్‌లోనే. అక్కడిదాకా ఛార్జింగ్ వైరు ఎలా దించాలి, మీటరు ఎవరి పేరు మీద ఉండాలి అన్న విషయాల మీద అసోసియేషన్ సమావేశాల్లో గంటల తరబడి చర్చిస్తున్నారు గానీ, ఆ కారుకు ఇంటర్నెట్ ఎలా అందాలన్న మాట ఎక్కడా వినిపించడం లేదు. టెలికాం రంగంలో మైక్రోవేవ్ లింకుల నిర్వహణ చూసి పదవీ విరమణ చేసి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్న నేను, ఈ ఒక్క విషయం మీ పాఠకుల ముందు పెట్టదలచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పటి ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ ఎంత వేగంగా ఛార్జ్ కావాలి, ఎంత వేడెక్కితే ఆపాలి, బ్రేకు వేసినప్పుడు ఎంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపాలి అన్నవన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడితే దిద్దుబాటు కూడా ఇంటర్నెట్ మీదుగానే వస్తుంది. 2023 డిసెంబరులో అమెరికాలో టెస్లా తన కార్లను 20 లక్షలకు పైగా రీకాల్ చేసినప్పుడు వాటిని వర్క్‌షాపులకు పిలవకుండా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపే సరిచేసింది. అంటే రీకాల్ అన్న మాటకు అర్థమే మారిపోయింది. అలాంటి అప్‌డేట్ పెద్దదైతే చాలా కార్లు మొబైల్ సిమ్ మీద కాకుండా వైఫై మీదనే దించుకోవాలని చూస్తాయి. పైగా నేలకు రెండు అంతస్తుల కింద ఉండే సెల్లార్‌లో చాలాచోట్ల మొబైల్ సిగ్నల్ కూడా ఉండదు కాబట్టి కారులోని సిమ్ కూడా అక్కడ పనికిరాదు.

మా ఇంట్లో జరిగింది ఇదే. ఛార్జింగ్‌కు సంబంధించిన ఒక అప్‌డేట్ వచ్చిందని కారు తెర మీద మూడు వారాలు కనిపిస్తూనే ఉంది. మా ఫ్లాట్ నాలుగో అంతస్తులో, కారు రెండు సెల్లార్లలో కిందిదానిలో. చివరికి మా అమ్మాయి ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి పదకొండు గంటలకు కారును గేటు బయట రోడ్డు పక్కన నిలిపి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, అప్‌డేట్ దిగేదాకా గంటకు పైగా ఒంటరిగా కూర్చుంది. సొంత పార్కింగ్ స్థలానికి లక్షలు పోసిన కుటుంబంలోని ఆడపిల్ల ఈ పని కోసం అర్ధరాత్రి రోడ్డు మీద కూర్చోవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది. మర్నాడే కొలతలు మొదలుపెట్టాను.

ఫోన్‌లో సిగ్నల్ బలం చూపే ఉచిత యాప్‌తో ఎవరైనా ఈ పని చేసుకోవచ్చు. మా రౌటర్ పక్కన మైనస్ 42 డెసిబెల్ చూపింది (ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలం). మెట్ల మీదుగా నేల అంతస్తుకు దిగేసరికి మైనస్ 74, పై సెల్లార్ ద్వారం దగ్గర మైనస్ 87, మా కారు దగ్గర అసలు మా వైఫై పేరే కనిపించలేదు. ఈ లెక్కలో ప్రతి 10 డెసిబెళ్ల తగ్గుదలకూ బలం పదో వంతు అవుతుంది. అంటే రౌటర్ దగ్గరి నుంచి సెల్లార్ ద్వారానికి వచ్చేసరికే సిగ్నల్ ముప్పై వేలవ వంతు అయిపోయిందన్నమాట. ఇటుక గోడ సిగ్నల్‌ను కొంతే తింటుంది, కానీ ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటు శ్లాబు చాలా ఎక్కువ తింటుంది, మా కారుకూ రౌటర్‌కూ మధ్య అలాంటి శ్లాబులు ఆరు ఉన్నాయి. దీనికి తోడు కారు శరీరమే లోహపు డబ్బా. కొన్ని కార్లలో ఎండ వేడిని ఆపడానికి అద్దాలకు సన్నని లోహపు పూత కూడా ఉంటుంది, అది వేడితోపాటు రేడియో తరంగాన్నీ వెనక్కి కొడుతుంది. తరవాత సెల్లార్‌లో సిగ్నల్ ఏర్పాటయ్యాక నేను ఫోన్‌ను కారులో పెట్టి తలుపులు మూసి కొలిస్తే, బయటికంటే 8 డెసిబెళ్లు తక్కువగా వచ్చింది.

చాలామంది మొదట చేసే పొరపాటే నేనూ చేశాను. వైఫై రిపీటర్ ఒకటి కొని కారు ఎదురుగా ఉన్న ప్లగ్గులో పెట్టాను. రిపీటర్ తనకు వినబడిన సిగ్నల్‌నే తిరిగి చెబుతుంది. దానికే ఏమీ వినబడని చోట పెడితే చెప్పడానికి ఏముంటుంది? దాన్ని సిగ్నల్ ఇంకా బాగా ఉన్న చోటుకు, అంటే ఫ్లాట్‌కూ కారుకూ నడుమ ఎక్కడో పెట్టాలి. విడి ఇళ్లలో ఉండి, కారును వాకిట్లో గానీ ఇంటి కింది స్టిల్ట్‌లో గానీ నిలుపుకునేవారికి ఇది చాలావరకు సరిపోతుంది. వారు రౌటర్‌ను హాలు మధ్య టీవీ వెనకనుంచి తీసి, కారు వైపు కిటికీ దగ్గర ఎత్తులో పెట్టినా చాలు, ఖర్చు లేకుండానే తేడా తెలుస్తుంది.

రౌటర్‌లో చేసుకోవలసిన మార్పులూ ఉన్నాయి. ఈరోజుల్లో రౌటర్ సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో తరంగ శ్రేణుల్లో, పనిచేస్తుంది. రెండోది వేగమైనది, కానీ గోడ దాటడంలో బలహీనం. కారుకు వేగం కంటే తెగకుండా నిలబడే సంబంధం ముఖ్యం, తెల్లవారేదాకా సమయం ఉంటుంది కదా. అందుచేత 2.4 గిగాహెర్ట్జ్‌కు విడిగా ఒక పేరు పెట్టి కారును దానికే కలపడం మంచిది. ఆ బ్యాండులో ఒకదానితో ఒకటి ఢీకొనని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాట్‌కూ ఒక రౌటర్ ఉంటుంది కాబట్టి, యాప్‌లో చూసి ఆ మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. రౌటర్ తనంతట తాను 12, 13 ఛానెళ్లకు వెళితే, కొన్ని పరికరాలకు ఆ నెట్‌వర్క్ కనబడనే కనబడదు. అలాగే చాలా కార్లు తాళం వేసిన కాసేపటికి నిద్రలోకి వెళ్లి వైఫైని ఆపేసుకుంటాయి. సిగ్నల్ లేదని అనుకునే ముందు ఛార్జర్ తగిలించి, కారు మెలకువగా ఉన్నప్పుడు చూడాలి. యాంటెన్నా ఉండే చోటు మోడల్‌ను బట్టి మారుతుంది గనుక, కారును ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పి నిలిపి కొలిచి చూడడం కూడా దండగ కాదు.

రిపీటర్ తర్వాత నేను కరెంటు వైరు మీదుగానే డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్ ప్రయత్నించాను. మా ఛార్జర్ వైరు మా ఫ్లాట్ మీటరు నుంచే వస్తుంది కాబట్టి ఇది పనిచేస్తుందని ఆశపడ్డాను. కొంత పనిచేసింది కూడా. కానీ మీటరు గది దాకా దిగి, మళ్లీ సెల్లార్‌లోకి వెళ్లే ఆ దూరానికి వేగం బాగా పడిపోయింది, కారు ఛార్జ్ అవుతున్నంతసేపూ వైరులోని విద్యుత్ రొదకు సంబంధం మాటిమాటికీ తెగింది. కారు మెలకువగా ఉండే సమయమే అది కాబట్టి ఆ దారి మాకు కుదరలేదు.

చివరికి పనిచేసింది పాతకాలపు పద్ధతి, నేరుగా కేబుల్ లాగడం. మా ఫ్లాట్ నుంచి భవనం షాఫ్ట్ గుండా క్యాట్ 6 అనే ఇంటర్నెట్ కేబుల్ దించి, కారు పైన సెల్లార్ కప్పుకు యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే చిన్న పెట్టె, ఒకటి బిగించాము. ఈ రకం కేబుల్ 100 మీటర్లదాకా నిక్షేపంగా పనిచేస్తుంది, మాకు పట్టింది 65 మీటర్లు. పీఓఈ పద్ధతిలో ఆ పెట్టెకు కావలసిన కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళుతుంది కాబట్టి కింద వేరే ప్లగ్గు అక్కర్లేదు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దీన్ని దూర్చకూడదు, విడి పైపు ఉండాలి. పెట్టెను గాలి గొట్టాల రేకుకూ నీటి పైపులకూ వెనుక కాకుండా, కారు ముందు అద్దానికి ఎదురుగా, స్తంభం అడ్డు రాని చోట బిగించాలి. ఎత్తులోనే ఉండాలి. 2022 సెప్టెంబరు వానలకు తూర్పు బెంగళూరులో ఎన్ని సెల్లార్లు మునిగాయో ఈ ప్రాంతం వారికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

ఇప్పుడు కారు లోపల మైనస్ 58 వస్తోంది. పని పూర్తి కావడానికి పట్టింది ఒక పూట, అనుమతికి పట్టింది నాలుగు నెలలు.

ఆ నాలుగు నెలల్లో నాకు ఎదురైన అభ్యంతరాలు ఇతరులకూ ఎదురవుతాయి గనుక వాటికి జవాబు చెప్పడం అవసరమనుకుంటున్నాను. ప్రభుత్వ లైసెన్సు కావాలన్నారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లోనే, 5 గిగాహెర్ట్జ్‌లోని విస్తృత భాగాన్ని 2018లో, నిర్ణీత శక్తి పరిమితులకు లోబడి లైసెన్సు అక్కర్లేకుండా ప్రకటించారు. రేడియేషన్ అన్నారు. ఇలాంటి పెట్టె సాధారణంగా పంపే శక్తి ఒక వాటులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది, అది కూడా కప్పు మీదినుంచి. ప్రతి ఫ్లాట్‌లో పడకగదికి పక్క గోడ మీద అదే రకం రౌటర్ రాత్రంతా పనిచేస్తూనే ఉంది. ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నారు. ఇది సరైన అభ్యంతరమే, అయితే దానికి జవాబు కాదనడం కాదు, అసోసియేషనే ఆ పని చేయడం. ఒక్కో ఫ్లాట్ వారు ఒక్కో కేబుల్ లాగితే షాఫ్ట్ నిండిపోతుంది, పెట్టెలు ఒకదాని సిగ్నల్‌ను ఒకటి చెడగొడతాయి. అదే సెల్లార్‌కు ఉమ్మడిగా ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, ఇరవై ముప్పై కార్లకు ఒక యాక్సెస్ పాయింట్ లెక్కన పెట్టి, ఖర్చు నిర్వహణ రుసుములో కలిపితే ఎవరికీ భారం కాదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. హోటళ్లలో మాదిరిగా ఫోన్ నంబరు అడిగి ఓటీపీ పంపే లాగిన్ పేజీ పెడితే చాలా కార్లు దాన్ని దాటలేవు. మామూలు పాస్‌వర్డు ఉండాలి, ఒక పరికరం ఇంకొకదాన్ని చూడలేని విధంగా నెట్‌వర్క్‌ను అమర్చాలి.

ఈ ఉమ్మడి ఏర్పాటు కార్లకే పరిమితం కాదు. సెల్లార్‌లో పన్నెండు గంటలు కాపలా ఉండే మనిషికి అక్కడ ఫోన్ కలవదు. మా వాచ్‌మన్ రాయదుర్గం వైపు నుంచి వచ్చినవాడు. ఇంటినుంచి కబురు వస్తే పైన ఎవరో విని కిందికి దిగి చెప్పాలి. మా పెట్టె వచ్చాక అతని ఫోన్‌లో వైఫై కాలింగ్, అంటే మొబైల్ సిగ్నల్ లేకున్నా వైఫై మీద మాట్లాడే వసతి, పెట్టి ఇచ్చాము. సెల్లార్‌లో పొగ కనిపించినా, ఎవరైనా కళ్లు తిరిగి పడిపోయినా, అక్కడినుంచే ఫోన్ చేయగలగడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

దేశంలో తొలినాటి ఎలక్ట్రిక్ కార్లలో ఒకటైన రేవా 2001లో ఈ బెంగళూరు నుంచే రోడ్డెక్కింది. ఎలక్ట్రిక్ వాహనాల విధానాన్ని రాష్ట్రాలన్నింటికంటే ముందు 2017లో ప్రకటించింది కర్ణాటక. కేంద్రం 2019లో నమూనా భవన నిబంధనలను సవరించి, పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి ఛార్జింగ్ వసతి ఉండాలని సూచించింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నియమాలు తెచ్చింది. ఛార్జింగ్ గురించి ఆలోచించేవారు, కనెక్టివిటీ గురించి ఆలోచించేవారు ఒకసారి కలిసి కూర్చోవాలని నా మనవి. ఛార్జింగ్ పాయింట్ అనుమతిలో కరెంటు పైపు పక్కనే డేటా కేబుల్‌కు ఒక ఖాళీ పైపు తప్పనిసరి చేయాలి. రేటింగు కోసం సిగ్నల్ కొలిచేవారు లాబీ దగ్గరా క్లబ్ హౌస్ దగ్గరా ఆగిపోకుండా, అన్నింటికంటే కింది సెల్లార్‌లోకి దిగి, తలుపులు మూసిన కారులోనుంచి కూడా కొలవాలి.

కొత్త ఫ్లాట్ కొనబోతున్న మన తెలుగు కుటుంబాలకు కూడా ఒక మాట. బిల్డరు ఛార్జింగ్ పాయింట్ ఇస్తామన్నప్పుడు, ఆ పాయింట్ దాకా ఒక అంగుళం ఖాళీ పైపు, లోపల లాగడానికి ఒక తీగ వేసి ఇస్తారా అని అడిగి, ఒప్పందంలో రాయించుకోండి. శ్లాబు పోయకముందు దానికయ్యే ఖర్చు పైపు ధర మాత్రమే. పోసిన తర్వాత అదే పనికి డ్రిల్లింగ్ మిషన్, అసోసియేషన్ తీర్మానం, నాలుగు నెలల ఎదురుచూపు కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వైట్‌ఫీల్డ్, బెంగళూరు.