మార్జిన్ లెక్క అడిగితే జవాబు చెప్పని మీ సంస్థపై ఫిర్యాదు

ఖాతాదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: నా కరెన్సీ ఫ్యూచర్స్ పొజిషన్‌ను మూసివేయడం, ఆ తరువాత మీ సిబ్బంది నన్ను తిప్పిన తీరు.

అయ్యా,

నేను నరసాపురంలో లేసు అల్లికల ఎగుమతి వ్యాపారం చేస్తున్నాను. చుట్టుపక్కల గ్రామాల మహిళలు అల్లిన సరుకుకు డబ్బు డాలర్లలో వస్తుంది. అది బ్యాంకుకు చేరేలోగా డాలరు ధర పడిపోతే వారికి ఒప్పుకున్న కూలి ఇవ్వడమే కష్టమవుతుంది. అందుకే రావలసిన బిల్లుకు సరిపడా డాలరు-రూపాయి ఫ్యూచర్స్‌ను, అంటే రాబోయే తేదీకి ఇప్పుడే ధర ఖరారు చేసుకునే ఒప్పందాలను, ఏళ్ల తరబడి బ్రోకర్లయిన మీ ద్వారానే అమ్ముతున్నాను. నా మాట మీద మా ఊరి వ్యాపారులు కొందరు మీ దగ్గర ఖాతాలు తెరిచారు.

గత నెలలో డాలరు పెరిగిన ఒక రోజున, నాకు ముందుగా ఒక్క కబురైనా పంపకుండా నా పొజిషన్‌ను, అంటే నేను అమ్మి ఉంచిన ఒప్పందాలను, మూసేశారు. నష్టం వచ్చిందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఏ లెక్క ప్రకారం మూశారని అడిగితే మీలో ఒక్కరూ చెప్పలేదు, అందుకు రాస్తున్నాను.

హెల్ప్‌లైన్‌లో మొదట మాట్లాడిన అమ్మాయి "మార్జిన్ సరిపోలేదు సార్" అన్నారు. మార్జిన్ అంటే ఒప్పందం నిలవడానికి నేను కట్టే హామీ సొమ్ము. ఎంత తగ్గిందని అడిగితే "అది సిస్టమే చూసుకుంటుంది సార్" అని మరొకరికి కలిపారు. ఆ వ్యక్తి నా ప్రశ్న పూర్తిగా వినకుండానే, లీవరేజ్, అంటే కొద్ది సొమ్ముతో పెద్ద విలువ ఒప్పందం మోయడం, అనేది కంపెనీ నాకు ఇచ్చిన సౌకర్యమనీ, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనీ చెప్పారు. ఇది తప్పు. కనీస మార్జిన్ ఎంతో ఎక్స్ఛేంజీ నిర్ణయిస్తుంది, అది కట్టేది నేను. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. డాలరు 84 రూపాయలనుకుంటే దాని విలువ 84,000 రూపాయలు. దానికి 2,500 రూపాయల మార్జిన్ కట్టాననుకుంటే నేను మోస్తున్న విలువ కట్టినదానికి 33 రెట్ల పైమాటే. నేను అమ్మినవాణ్ణి కనుక డాలరు 50 పైసలు పెరిగితే లాట్‌కు 500 రూపాయలు, అంటే మార్జిన్‌లో అయిదో వంతు, ఆ రోజు లెక్కలోనే పోతుంది. అదే పెరుగుదల వల్ల నా బిల్లుకు వచ్చే లాభం మాత్రం డాలర్లు అందిన నాడు గాని చేతికి రాదు. ఈ తేడా తెలిసే నేను ఖాతాలో అదనంగా సొమ్ము ఉంచాను.

కాబట్టి నా ప్రశ్న ఒక్కటే. రోజువారీ నష్టం నా మార్జిన్‌ను తినేసిందా, లేక మార్జిన్ శాతాన్నే ఆ రోజు పెంచారా? మొదటిదైతే లెడ్జర్‌లో కనపడాలి, అంత మొత్తం అక్కడ లేదు. రెండోదైతే మీరు పంపవలసిన మార్జిన్ స్టేట్‌మెంట్‌లో ఉండాలి, ఆ రోజు స్టేట్‌మెంట్ నాకు రానేలేదు.

భీమవరంలోని మీ శాఖకు వెళ్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి, ఎర్ర అక్షరాల్లో ఉన్న ఒక వరుసను చూపించి, "మాకు ఇంతవరకే కనపడుతుంది సార్" అన్నాడు. రాసి తీసుకెళ్లిన ఫిర్యాదు మీద అందినట్టు ముద్ర వేయమంటే, ఆ అధికారం తనకు లేదని మెయిల్ పెట్టమన్నాడు. మెయిల్ పెట్టాను. మర్నాడు "మీ సమస్య పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారు, ఏమని పరిష్కరించారు? మళ్లీ ఫోన్ చేస్తే, ఫిర్యాదు ముగిసిపోయింది కనుక కొత్తది పెట్టుకోమన్నారు. ఇన్నేళ్ల ఖాతాదారుతో మాట్లాడే పద్ధతి ఇదేనా?

ఆ రోజు మార్జిన్ స్టేట్‌మెంట్, పొజిషన్ మూసిన సమయం, ధర, ముందుగా హెచ్చరించినట్టు మీ దగ్గర ఆధారం ఉంటే అది, ఇవన్నీ బాధ్యత గల అధికారి సంతకంతో నాకు పంపండి. హెచ్చరిక లేకుండా మూసినట్టు తేలితే ఆ నష్టం మీరే భరించాలి. ఈ వారంలోగా జవాబు రాకపోతే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడ 21 రోజుల్లోగా మీరు సమాధానం చెప్పి తీరాలి. అక్కడా తేలకపోతే, ఆన్‌లైన్‌లో వివాదాలు తేల్చే వేదిక స్మార్ట్ ఓడీఆర్‌కు వెళ్తాను. నా మాట మీద మీ దగ్గరికి వచ్చినవారికి కూడా జరిగినదంతా నేనే చెబుతాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా