2.6 గిగాహెర్ట్జ్ గడప: కేంద్ర ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

బెంగళూరు నుంచి నమస్కారాలు. తెలుగులో రాస్తున్నాను. మీ శాఖ కిందే 2022లో మొదలైన, మన భాషల మధ్య అనువాదం చేసే ‘భాషిణి’ ఉంది కాబట్టి, మీకు ఏ భాషలో కావాలంటే ఆ భాషలో చేరుతుందన్న ధీమా. ఆ అనువాదం చేసిపెట్టేది కూడా ఎక్కడో ఏసీ గదిలో హోరుమంటున్న సర్వరే. ఈ ఉత్తరం ఆ సర్వర్‌ని కొనేటప్పుడు టెండరులో రాసే ఒక్క వాక్యం గురించి.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను సర్వర్లు అమ్ముకు బతికేవాణ్ణి. ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని బిగించిన రోజుల నుంచి ఇదే పని. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో టెండర్ల స్పెక్ (ఎలాంటి సరుకు కావాలో రాసిన వివరాలు) చదవడం, బిడ్ వేయడం నా ఉద్యోగం. ఇందులో నాకు స్వార్థం లేదని అనను. ఆ స్వార్థాన్ని పక్కన పెట్టినా లెక్క నిలుస్తుందో లేదో మీ అధికారులే చూసుకోవచ్చు.

కొంతకాలం కిందట ఒక ప్రభుత్వ కార్యాలయం 20 సర్వర్లకు టెండరు పిలిచింది. పేరు వద్దులెండి, అక్కడివాళ్ళు మంచివాళ్ళే. ఒక్కో సర్వర్‌కు రెండు ప్రాసెసర్లు, ఒక్కో ప్రాసెసర్‌లో కనీసం 16 కోర్లు (కోరు అంటే చిప్పులో విడిగా లెక్కలు చేసే భాగం), బేస్ క్లాక్, అంటే కోరు మామూలుగా నడిచే వేగం, 2.6 గిగాహెర్ట్జ్‌కు తగ్గరాదు, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీల చిప్పుల రకం) మాత్రమే. ఇంతకీ వాటి మీద నడవాల్సినవి ఏమిటంటే, జనం దరఖాస్తులు పెట్టుకునే వెబ్‌సైటు, సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు తయారుచేసే ప్రోగ్రాము, ఫోన్లకు ఎస్సెమ్మెస్‌లు పంపే క్యూ. ఒక్కొక్కటి చూస్తే చిటికెలో అయిపోయే పని. కాకపోతే ఒకేసారి వేలల్లో వచ్చిపడతాయి.

సర్వర్ అంటే మాకు మొదట హోటల్లో ఇడ్లీ తెచ్చే మనిషే. ఆ అర్థంలోనే చెబుతాను. పెళ్ళిలో బంతికి రెండొందల ఆకులు వేశారనుకోండి. మెరుపులా పరుగెత్తే మొనగాళ్ళు పదహారుమంది ఉంటే వాళ్ళు చెమటలు కక్కుతారు, చివరి ఆకుకు అన్నం వచ్చేసరికి మొదటి ఆకులో పప్పు చల్లారిపోతుంది. మామూలుగా నడిచే మనుషులు నూటనలభైమంది గిన్నెలు పట్టుకుంటే ఎవరికీ ఆయాసం ఉండదు, బంతి మాత్రం ముందే లేస్తుంది. చిప్పులో ఆ ఆయాసం పేరు వోల్టేజీ. క్లాక్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగంలో చివరి కొసరు కోసం కట్టే మూల్యం చాలా ఎక్కువ. అందుకే కంపెనీలు చిన్న కోర్లను, తక్కువ వోల్టేజీలో, ఎక్కువ సంఖ్యలో ఒకే చిప్పులో పేరుస్తున్నాయి. 2023 జూన్‌లో ఏఎండీ 128 కోర్ల ఎపిక్ తెచ్చింది. ఏడాది తిరిగేసరికి ఇంటెల్ 144 కోర్ల జియాన్ 6 తెచ్చింది. 2024 అక్టోబరులో ఏఎండీ 192కు వెళ్ళింది.

ఇక్కడ మా బెంగళూరు కథ ఒకటి చెప్పాలి. 2008 సెప్టెంబరులో ఇంటెల్ విడుదల చేసిన జియాన్ 7400 వరుసను, ‘డనింగ్టన్’ అని పిలిచేవారు, ఈ ఊళ్ళోని ఇంజనీర్లే రూపొందించారు. ఆరు కోర్లు, 190 కోట్ల ట్రాన్సిస్టర్లు. ఆ వరుసలో పెద్దది 2.66 గిగాహెర్ట్జ్‌తో నడిచేది, దాని టీడీపీ 130 వాట్లు. (టీడీపీ అంటే మా తెలుగువాళ్ళకు ఇంకొకటి గుర్తొస్తుంది. ఇది థర్మల్ డిజైన్ పవర్. చిప్పు పూర్తి బరువు మీద పనిచేస్తున్నప్పుడు ఎంత వేడిని బయటికి తోడాలో చెప్పే అంకె.) కోరుకు దాదాపు 22 వాట్లు పడ్డట్టు. 144 కోర్ల జియాన్‌కు టీడీపీ 330 వాట్లు, అంటే కోరుకు 2.3. మరి దాని బేస్ క్లాక్? 2.2 గిగాహెర్ట్జ్.

చూశారుగా. పైన చెప్పిన టెండరు గడపను క్లాక్ విషయంలో 2008 నాటి చిప్పు దర్జాగా దాటుతుంది, 2024 నాటి చిప్పు తల తగిలి ఆగిపోతుంది. ఒకే క్లాక్ దగ్గర కూడా నేటి కోరు అప్పటి కోరుకంటే ఎక్కువ పని చేస్తుందన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

బిడ్లు వేయకముందు సందేహాలు అడిగే ప్రీ-బిడ్ మీటింగుకు నా లెక్క పట్టుకెళ్ళాను. వాళ్ళడిగిన 20 సర్వర్లలో 40 ప్రాసెసర్లు, 640 కోర్లు. ఒక్కో కోరు ఒకేసారి రెండు పనుల వరుసలు (థ్రెడ్లు) నడుపుతుంది కాబట్టి 1280 థ్రెడ్లు. ఆ క్లాక్‌కు సరిపోయే 16 కోర్ల ప్రాసెసర్లు మేము చూసినవి 185 వాట్లవి. మొత్తం 7.4 కిలోవాట్లు. వీటి బదులు 144 కోర్లవి రెండేసి పెట్టిన సర్వర్లు ఐదు చాలు. 1440 కోర్లు, 3.3 కిలోవాట్లు. చిన్న కోరు పెద్ద కోరుకు సమానం కాదని నాకూ తెలుసు, అందుకే మూడింటితో సరిపెట్టకుండా ఐదన్నాను. పైగా ఒక పెట్టె పోతే దాని మీదున్న పనులు మిగతావాటి మీద సర్దుకోవాలి కదా. ఏడాదంతా పూర్తి బరువు మీద నడిస్తే ప్రాసెసర్ల దగ్గరే తేడా దాదాపు 36 వేల యూనిట్లు. నిజంలో అంత బరువు ఉండదు, ఈ అంకె తగ్గుతుంది. కానీ తగ్గే పెట్టెల ఫ్యాన్లు, మెమరీ, ఆ వేడిని తోడే ఏసీలు ఇందులో కలపలేదు. మా రాష్ట్రంలో గృహజ్యోతి కింద ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. ఆ కొలతతో చూస్తే ఇది పదిహేను ఇళ్ళ ఏడాది కరెంటు.

రెండు వారాలకు కారిజెండం, అంటే టెండరుకు సవరణలూ మా ప్రశ్నలకు జవాబులూ ఉన్న కాగితం, వచ్చింది. నా ప్రశ్న ఎదురుగా ఒకటే మాట: టెండరు నిబంధనల ప్రకారం.

అధికారిని తప్పుపట్టలేను. పాత టెండరు ఫైలు తీసి, తేదీలు మార్చి, మెమరీ కాస్త పెంచి పంపితే ఆడిట్‌లో ఎవరూ అడగరు. కొత్త వాక్యం రాస్తే ఎవరి కోసం రాశావని అడుగుతారు. ఆ భయం పోవాలంటే కొత్త వాక్యం పైనుంచి రావాలి. ప్రభుత్వ కార్యాలయాల కోసం పెట్టిన మేఘరాజ్ క్లౌడ్ మీ శాఖదే కాబట్టి మీకే రాస్తున్నాను.

అన్నిచోట్లా ఇవే కొనమని నేను అనను. కోర్ల లెక్కన లైసెన్సు కట్టే డేటాబేస్ ఉన్నచోట 144 కోర్ల చిప్పు పెడితే కరెంటులో మిగిలింది లైసెన్సులో పోతుంది, దానికి పదింతలు కూడా పోవచ్చు. ఒకే పెద్ద లెక్కను ఒకే థ్రెడ్‌లో తెమల్చాల్సినచోట వేగమైన కోరే కావాలి. ఇంటెల్ చిన్న కోర్లలో, చాలా అంకెల మీద ఒకేసారి లెక్క చేసే ఏవీఎక్స్-512 సౌకర్యం లేదు, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములకు అవి పనికిరావు. అందుకే ఫలానా చిప్పు కొనమని అడగడం లేదు. ఏ పనికి కొంటున్నారో ఆ పనితో కొలవమంటున్నాను.

‘ఎక్స్86 మాత్రమే’ అన్న మాట సంగతి. అమెజాన్ 2018 నుంచీ, ఎక్స్86 కాని ఆర్మ్ అనే డిజైన్ ఆధారిత గ్రావిటాన్ చిప్పులు సొంతంగా చేయించుకుంటోంది, నాలుగో తరంలో 96 కోర్లు. మైక్రోసాఫ్ట్ మొదటి కోబాల్ట్‌లో 128. గూగుల్‌కు యాక్సియాన్ ఉంది. వాళ్ళ గొడవ మనకెందుకు అనుకుందాం. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-డాక్ సూపర్‌కంప్యూటర్ల కోసం రూపకల్పన చేపట్టిన 96 కోర్ల ‘ఓం’ ప్రాసెసర్ కూడా ఆర్మ్ కోర్ల మీదే. ఐఐటీ మద్రాసు ‘శక్తి’ ప్రాసెసర్‌ది రిస్క్-ఫైవ్ అనే ఇంకో డిజైన్. రేపు వీటి వారసులు సర్వర్ల దాకా వస్తే, మన టెండరే మన చిప్పును గుమ్మంలో ఆపుతుంది. ఆ రెండు పదాలు ఏ దేశభక్తుడు రాశాడో గానీ, కొట్టేయడానికి ఒక్క గీత చాలు.

డేటా సెంటర్లకు 2022 బడ్జెట్‌లో మౌలిక వసతుల హోదా ప్రకటించారు, సంతోషం. అక్కడ పొదుపు మాటెత్తితే అందరూ చూపే అంకె పీయూఈ, అంటే సెంటరు మొత్తం కరెంటును సర్వర్లు తాగే కరెంటుతో భాగిస్తే వచ్చేది. ఈ అంకె నన్ను ఎన్నాళ్ళ నుంచో చికాకు పెడుతోంది. సర్వర్లకు 100 కిలోవాట్లు, ఏసీలూ యూపీఎస్‌లూ కలిపి 50 ఉంటే పీయూఈ 1.5. పాత సర్వర్లు తీసి కొత్తవి పెట్టి 100ని 60కి తగ్గించామనుకోండి. ఏసీల ఖర్చు అదే పాళ్ళలో తగ్గదు, 35 దగ్గర ఆగింది. మొత్తం 150 నుంచి 95కి దిగింది, పీయూఈ మాత్రం 1.58కి ఎక్కింది. మంచి పని చేసినవాడికి మార్కులు తగ్గాయి! పనీపాటా లేకుండా వేడి పుట్టించే ముసలి సర్వర్ కూడా ఈ లెక్కలో ‘ఉపయోగం’ ఖాతాలోకే పోతుంది.

మాది పావగడ వైపు. కర్ణాటకే అయినా మా ఇళ్ళల్లో తెలుగే. అక్కడ 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. రైతులు భూములు అమ్మలేదు, కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేలు. మా పెదనాయన చెనక్కాయ వేసిన చేను ఇప్పుడు అద్దాల కింద ఉంది. వానలు లేని చేలో పంటకంటే కౌలే నయమంటాడు, బాధేమీ లేదు. పోయిన దసరాకు వెళ్తే అడిగాడు, “మన చేలో కరెంటు యాడికి పోతాదిరా?” గ్రిడ్‌లోకి పోతుంది పెదనాయనా, బెంగళూరుకూ వస్తుంది అన్నాను. “నీ మిషన్లకేనా?” అన్నాడు. అవునన్నాను. ఆ మిషన్లలో సగం ఊరికే వేడెక్కుతాయని చెప్పడానికి నోరు రాలేదు.

అడిగేది పెద్ద పని కాదు. ప్రభుత్వ సర్వర్ టెండర్లలో గిగాహెర్ట్జ్ అంకె తీసేసి, ఎంత పని జరగాలో స్పెక్‌రేట్ లాంటి, సర్వర్ మొత్తంగా ఎంత పని తెములుస్తుందో చూపే కొలతలో రాయండి. పూర్తి బరువు మీద ఎన్ని వాట్లు, ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు అన్నది బిడ్డరు చేత రాయించండి. ఐదేళ్ళ కరెంటు బిల్లును కొనుగోలు ధరకు కలిపి, అప్పుడు ఎల్1 (అందరికంటే తక్కువకు ఇచ్చే బిడ్డరు) ఎవరో తేల్చండి. ఇప్పుడు సర్వర్ కొనేది ఒక విభాగం, బిల్లు కట్టేది ఇంకొకటి కావడంతో ఆ రెండు అంకెలూ ఒకే కాగితం మీదికి రావడం లేదు. ఐరోపాలో 2020 మార్చి నుంచి ఖాళీగా ఉన్న సర్వర్ తాగే కరెంటుకు చట్టమే హద్దు పెట్టింది. మన దగ్గర ఫ్రిజ్‌కు నక్షత్రాలు అతికించే బీఈఈ విద్యుత్ శాఖ కిందిది, మీది కాదని తెలుసు. ఆ మంత్రి గారితో మీరొక మాట అంటే చాలు.

వచ్చే నెల ఇంకో ప్రీ-బిడ్ ఉంది. వేరే కార్యాలయం. పత్రాలు నిన్న రాత్రే డౌన్‌లోడ్ చేశాను. పద్నాలుగో పేజీలో ప్రాసెసర్ వరుస: 2.6 గిగాహెర్ట్జ్ లేదా అంతకు మించి. నేను వాట్ మీటరు తీసుకుని వెళ్తున్నాను.

ఇట్లు,
బెంగళూరులో సర్వర్లు అమ్ముకునే ఒక పావగడవాడు