టూల్ పోస్ట్ కిట్ ఆర్డర్ పెట్టినవాళ్లకి, పెడదామనుకుంటున్నవాళ్లకి

అందరికీ నమస్కారం అండి. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా, కాస్త పొడుగ్గానే ఉంటుంది. చిన్న లేత్‌లకి (లోహపు రాడ్‌ని తిప్పుతూ కోసే మిషన్లకి) మేం పంపే క్విక్ చేంజ్ టూల్ పోస్ట్‌లో, అంటే కోసే టూల్‌ని పట్టుకుని ఉండే, టూల్ చిటికెలో మార్చుకోగలిగే దిమ్మలో, "ఏ లేత్‌కైనా పడుతుంది" టైపు రెడీమేడ్ కిట్ ఆపేశాం. ఇకనుంచి మీ మిషన్ కొలతలు మా చేతికొచ్చాకే స్టడ్డు (పోస్ట్‌ని లేత్‌కి బిగించే మరల కడ్డీ), టీ నట్టు (T ఆకారపు గాడిలో కూర్చునే నట్టు), బుష్షు (సందు పూడ్చే గొట్టం ముక్క) కోసి పంపుతాం. దీనివల్ల రేటు కొంచెం పెరుగుతుంది, టైమ్ కూడా ఎక్కువ పడుతుంది. ఇది నచ్చనివాళ్లు ఆర్డర్ క్యాన్సిల్ చేసుకోవచ్చు, అడ్వాన్స్ మొత్తం వెనక్కి వేసేస్తాం, ఏమీ అనుకోం.

ఎందుకు ఆపామంటే మన దగ్గర హాబీ లేత్ అంటే ఒక రకం కాదు. ఆన్‌లైన్లో దొరికే చైనా 7 బై 12, 7 బై 14 మినీ లేత్‌లు (7 అంగుళాల డయా, 12 లేదా 14 అంగుళాల పొడవు పని పట్టేవి) ఒక పక్క, పంజాబ్ నుంచి, గుజరాత్ నుంచి వచ్చే చిన్న బెంచ్ లేత్‌లు ఇంకో పక్క, అవి కాక హైదరాబాద్ బాలానగర్లోనో చర్లపల్లిలోనో షెడ్డు ఎత్తేస్తుంటే తూకానికి కొనుక్కొచ్చుకున్న పాత మిషన్లు. వీటిల్లో ఒకదాని కాంపౌండ్ స్లయిడ్ (టూల్ పోస్ట్ కూర్చునే, ముందుకీ వెనక్కీ జరిగే పై దిమ్మ) ఇంకోదానిలా ఉండదు. ఒకదానికి టీ స్లాట్ (T ఆకారపు గాడి) ఉంటుంది, ఒకదానికి కింద నుంచి 10 ఎమ్ఎమ్ స్టడ్డు బిగించి ఉంటుంది, అంతే. ఒకే కంపెనీ మిషన్లు రెండు పక్కపక్కన పెట్టి చూసినా తేడాలొస్తున్నాయి, మరి అన్నిటికీ పడే నట్టు ఒకటి ఎక్కడినుంచి తెస్తాం చెప్పండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. లేత్‌తో వచ్చే నాలుగు మూలల టూల్ పోస్ట్‌లో బిట్టు (కోసే టూల్) మొన ఎత్తు రాడ్ తిరిగే సెంటర్‌కి సరిపోవాలంటే కింద ప్యాకింగ్ పెట్టాలి, మన టర్నర్లందరి డ్రాయర్లో విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కలు, రేకు ముక్కలు ఉండేది అందుకే. బిట్టు సాన పెట్టిన ప్రతిసారీ ఎత్తు తగ్గుతుంది, మళ్లీ ప్యాకింగ్ మార్చాలి. క్విక్ చేంజ్‌లో అయితే ఒక్కో టూల్‌కి ఒక్కో హోల్డర్ ఉంటుంది, ఆ హోల్డర్ పైన ఉండే చిన్న నట్టు తిప్పితే ఎత్తు సెట్ అవుతుంది, లాక్ చేసేస్తే మళ్లీ ఎప్పుడు తగిలించినా అదే ఎత్తుకి వచ్చి కూర్చుంటుంది. ఫేసింగ్ (రాడ్ చివర చదును చేయడం) నుంచి బోరింగ్‌కి (రంధ్రం లోపల కోయడం) మారడానికి హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే చాలు.

ఇప్పుడు అసలు కొలత. కాంపౌండ్ పై మట్టం నుంచి స్పిండిల్ (రాడ్‌ని తిప్పే ఇరుసు) సెంటర్ వరకు ఎంత ఎత్తుందో అదే మాకు అన్నిటికంటే ముందు కావాలి. "బెడ్ మీద సెంటర్ హైట్ 90 ఉందండి" అని పంపుతున్నారు చాలామంది, అది మాకు పనికిరాదు, బెడ్ (లేత్ అడుగు పట్టాలు) నుంచి కాదు కాంపౌండ్ నుంచి కావాలి. ఎలా తీయాలంటే, చక్‌లో (స్పిండిల్ చివర రాడ్‌ని పట్టుకునే భాగంలో) ఒక రాడ్ ముక్క పట్టించి పైపైన ఒక కోత వేయండి, కోత ఎందుకంటే చక్ కాస్త ఊగుతున్నా సరే, మిషన్ మీదే టర్నింగ్ చేసిన రాడ్ సెంటర్ కచ్చితంగా స్పిండిల్ సెంటరే అవుతుంది. చక్‌లోంచి తీయకుండా దాని డయా కొలవండి. తర్వాత పాత టూల్ పోస్ట్ ఊడదీసి, కాంపౌండ్‌ని ఆ రాడ్ కిందకి జరిపి, రెండిటి మధ్య ఖాళీలో డ్రిల్ బిట్ల షాంకులు (వెనకవైపు నున్నటి కాడలు) ఒక్కొక్కటీ దూర్చి చూడండి, ఏది బిగుతుగా జారుతుందో ఆ డ్రిల్ సైజే మీ ఖాళీ. రాడ్ 20 ఉండి ఖాళీ 14 వచ్చిందనుకోండి, 14కి సగం డయా 10 కలిపితే 24. ఆ 24 పంపండి చాలు.

ఈ కొలత కోసం ఇంత చంపడం ఎందుకు అంటారా? మా చిన్న సైజు హోల్డర్లో టూల్ కూర్చునే గాడి కింద 10 ఎమ్ఎమ్ మందం ఉంటుంది. దాంట్లో 12 షాంక్ (కాడ 12 ఎమ్ఎమ్ ఎత్తున్న) టూల్ పెడితే మొన 22 ఎత్తులో ఉంటుంది, సెంటర్ 24, అంటే నట్టు తిప్పి 2 పైకి లేపుకోవచ్చు, హాయి. అదే 16 షాంక్ టూల్ పెడితే మొన 26కి పోతుంది, హోల్డర్ ఆల్రెడీ కాంపౌండ్‌కి ఆనుకుని ఉంది, ఇంక కిందకి దిగే దారి లేదు. టూల్ కిందకి ఉంటే ఎత్తుకోవచ్చు, అవసరమైతే పోస్ట్ కింద ప్లేటు వేసుకోవచ్చు, పైకి పోతే మాత్రం హోల్డర్ అడుగో టూల్ షాంకో మిల్లింగ్ చేయించాల్సిందే. "గట్టిగా ఉంటుందని" పెద్ద సైజు పోస్ట్ అడిగేవాళ్లందరికీ నేను వద్దని చెప్పేది దీనికే, పెద్ద పోస్ట్ అమ్మితే నాకే ఎక్కువ మిగులుతుంది అయినా వద్దంటున్నా. చిన్న లేత్‌కి 10 లేదా 12 షాంక్ టూల్స్ చాలు. ఇన్సర్ట్ టూల్ (మొన ముక్క మార్చుకునే రకం) కొనేటప్పుడు పేరులో 1010 అనో 1212 అనో ఉంటుంది చూడండి, ఆ మొదటి రెండంకెలే షాంక్ ఎత్తు.

ఒక పెద్దాయన, రిటైరైన టర్నర్ గారు, కొలతలన్నీ నూళ్లలో (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పంపారు. మాకు అర్థమైంది, సరదాగా కూడా అనిపించింది గానీ టీ నట్టుకి నూలు లెక్క సరిపోదు గురువుగారూ, ఈసారికి మనవణ్ణి పిలిచి వెర్నియర్‌ (మిల్లీమీటర్లో చిన్న భాగాలు కూడా చూపే కొలత పనిముట్టు)తో తీయించండి.

టీ నట్టు గురించి గట్టిగా చెప్పాలి ఎందుకంటే డబ్బు నష్టం అక్కడే జరుగుతోంది. ఈమధ్య రాజమండ్రి నుంచి ఒకాయన ఫోటో పంపారు, వేరే చోట కొన్న పోస్ట్‌కి తనే ఒక బోల్టు, నట్టు వేసి బిగించుకున్నారట, కాంపౌండ్ టీ స్లాట్ పెదవి ఇంత ముక్క ఊడొచ్చేసింది. నట్టులో థ్రెడ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోసి ఉంది, బిగించేకొద్దీ స్టడ్డు నట్టులోంచి కిందకి దిగి స్లాట్ అడుగున తన్నింది, అక్కడినుంచి అది జాకీలా పనిచేసి నట్టుని పైకి నెట్టింది. కాంపౌండ్ బీడు కదా, బీడు సాగదు, పగులుతుంది అంతే. అందుకే మేం కోసే టీ నట్టులో థ్రెడ్ కింద దాకా పోనివ్వం, పోయినా చివరి రెండు చుట్లు పంచ్ కొట్టి మూసేస్తాం, స్టడ్డు అక్కడ ఆగిపోవాలి. ఇంకోటి, నట్టు మెడ స్లాట్ పై మట్టం కంటే ఒక అర మిల్లీ కిందకే ఉండాలి. మెడ పైకి పొడుచుకొస్తే పోస్ట్ నట్టు మీద బిగుస్తుంది గానీ కాంపౌండ్ మీద కాదు, చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది, కోత పడగానే తిరిగిపోతుంది. కాబట్టి స్లాట్ పైన వెడల్పు, లోపల వెడల్పు, పై పెదవి మందం, మొత్తం లోతు, ఇవన్నీ రాసి పక్కన ఫోటో కూడా పెట్టండి.

టీ స్లాట్ లేనివాళ్లు స్టడ్డు డయా, థ్రెడ్ పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) చెప్తే చాలు. మా పోస్ట్ బోరు 14, చాలా చైనా మినీ లేత్‌ల స్టడ్డు 10, మధ్యలో చుట్టూ 2 ఎమ్ఎమ్ వదులు. కొందరు బుష్షు లేకుండానే వాడేస్తున్నారు, నట్టు గట్టిగా ఉన్నంతసేపు పర్వాలేదు గానీ ఒకసారి వదులు చేసి మళ్లీ బిగిస్తే పోస్ట్ ఎటో జరిగి ఉంటుంది, డయల్ రీడింగులన్నీ పోతాయి. బుష్షు ఫ్రీగానే ఇస్తున్నాం, వేసుకోండి.

బిగించే ముందు కాంపౌండ్ పైన వేలితో ఒకసారి తడిమి చూడండి. మినీ లేత్‌లలో పాత పోస్ట్ తిప్పినప్పుడు టక్కుమని ఆగడానికి స్ప్రింగు మీద ఒక చిన్న పిన్ను ఉంటుంది, అది తీసేయాలి, లేకపోతే కొత్త పోస్ట్ దాని మీదెక్కి కూర్చుంటుంది. కొన్నిట్లో స్టడ్డు చుట్టూ కొంచెం ఎత్తైన రింగు కూడా ఉంటుంది, ఉంటే చెప్పండి, పోస్ట్ అడుగున ఆ మేరకు కౌంటర్ బోరు (వెడల్పాటి గుంట) వేసి పంపుతాం, మీ కాంపౌండ్‌ని మాత్రం గ్రైండర్‌తో కొయ్యొద్దు. బిగించాక రాడ్ ఫేస్ చేసి మధ్యలో చూడండి. చిన్న బుడిపె నిలబడి ఉంటే టూల్ సెంటర్ కిందుంది. మధ్యకి వచ్చేసరికి కొయ్యకుండా రుద్దుతూ నలిపేస్తుంటే పైనుంది. ఇంకా తేలికగా కావాలంటే రాడ్‌కీ టూల్ మొనకీ మధ్య 6 అంగుళాల స్టీల్ స్కేలు పట్టించి మెల్లగా ఆనించండి, స్కేలు నిటారుగా ఉంటే సెంటర్, పై భాగం మీవైపు వాలితే టూల్ కిందుంది, అవతలికి వాలితే పైనుంది.

ఇక డెలివరీ ఎందుకు లేటయిందో. పోస్ట్ లోపల ఉండే వెడ్జి (హ్యాండిల్ తిప్పితే హోల్డర్‌ని బిగించే చీలిక ముక్క) హార్డెనింగ్‌కి, అంటే వేడి చేసి గట్టిపరచడానికి, బయట ఇస్తాం, ఈసారి వచ్చిన లాట్‌లో వెడ్జిలు మెత్తగా ఉన్నాయి, ఆకురాయి పెట్టి గీకితే జర్రున తెగుతోంది. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. అవి అలాగే వేసి పంపితే మీకు ఆరు నెలల దాకా తెలీదు, ఆ తర్వాత హ్యాండిల్ రోజురోజుకీ ఇంకాస్త ఇంకాస్త తిరుగుతూ పోతుంది. లాట్ మొత్తం వెనక్కిచ్చాం, వేరేవాళ్ల దగ్గర చేయిస్తున్నాం, వాళ్ల రేటు ఎక్కువ. రేటు పెరగడంలో సగం ఇది, మిగతా సగం ఒక్కొక్కరికీ విడిగా నట్టు కోయడానికి పట్టే మిల్లింగ్ టైమ్. జీఎస్టీ 18 శాతం ఎప్పటిలాగే పైన పడుతుంది, దాంట్లో నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆల్రెడీ అడ్వాన్స్ కట్టినవాళ్లకి పాత రేటే.

"మరి పిస్టన్ టైప్ ఇవ్వొచ్చుగా, చీప్ కదా" అని అడిగారు కొందరు. ఇస్తాం, అడిగితే. పిస్టన్‌లో హ్యాండిల్ తిప్పితే ఒక గుండ్రటి ముక్క బయటికొచ్చి హోల్డర్ వీపు మీద నెడుతుంది, అంటే హోల్డర్ పోస్ట్‌కి దూరంగా నెట్టబడి డవ్‌టెయిల్ (పావురం తోకలా ఏటవాలుగా కోసిన గాడి) అంచుల మీద బిగుస్తుంది. వెడ్జి అయితే హోల్డర్‌ని పోస్ట్ ముఖానికి లాగి హత్తుకునేలా పట్టుకుంటుంది, తీసి పెట్టినప్పుడల్లా అదే చోటికి రావడంలో వెడ్జిదే పైచేయి. ఇత్తడి, అల్యూమినియం పని, పెన్నులు, టెలిస్కోపు ముక్కలు చేసుకునేవాళ్లకి పిస్టన్ ధారాళంగా సరిపోతుంది. అల్యూమినియం బాడీతో వచ్చే పోస్ట్‌లు మాత్రం మేం అమ్మం, డవ్‌టెయిల్ తొందరగా అరిగిపోతుంది.

ఒక మాట సూటిగా చెప్తా, అమ్మకం పోయినా పర్లేదు. మీ లేత్ పార్టింగ్ (సన్నటి బ్లేడుతో రాడ్‌ని తెగ్గోయడం) చేసేటప్పుడు గడగడ వణుకుతుంటే ఈ పోస్ట్ వేసినంత మాత్రాన అది తగ్గదు. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా, ఎందుకంటే హోల్డర్ పోస్ట్ పక్కన వేలాడుతుంది కాబట్టి టూల్ మొన స్టడ్డుకి పాత పోస్ట్‌లో కంటే దూరం జరుగుతుంది, కాంపౌండ్ మీద మెలిపెట్టే బలం ఎక్కువవుతుంది. ముందు క్రాస్ స్లయిడ్ (కాంపౌండ్ కింద అడ్డంగా జరిగే దిమ్మ), కాంపౌండ్ జిబ్ స్క్రూలు (స్లయిడ్ల వదులు తీసే స్క్రూలు) బిగించుకోండి, పార్టింగ్ బ్లేడు వీలైనంత తక్కువ బయటికి పెట్టండి, స్పీడు తగ్గించండి. ఇవన్నీ చేసినా వణికితే కాంపౌండ్ మొత్తం తీసేసి దాని బదులు ఒక ఘనమైన దిమ్మ వేసి దాని మీద పోస్ట్ బిగించుకోవడం మంచి మార్గం, టేపర్లు కోసేటప్పుడు మాత్రమే కాంపౌండ్ పెట్టుకోవచ్చు. దిమ్మలు కూడా చేసిస్తున్నాం, బీడువి, కొలతలు ఇస్తే. వారానికి ఒకే టూల్‌తో ఒకే పని చేసేవాళ్లకి నా సలహా, ఈ డబ్బుతో మంచి ఇన్సర్ట్ టూల్ ఒకటి, ఒక డయల్ గేజ్ కొనుక్కోండి.

అమెరికాలో గరాజ్‌లో లేత్ పెట్టుకున్న మనవాళ్లు కూడా అడుగుతున్నారు. మీకు అక్కడే జీరో ఎక్స్ఏ, ఏఎక్స్ఏ (0XA, AXA అని రాసే పోస్ట్ సైజులు) సైజుల్లో బోలెడు దొరుకుతాయి, ఇక్కడినుంచి ఇనుము విమానంలో తెప్పించుకుంటే కొరియర్ ఖర్చే సగం అవుతుంది. 7 అంగుళాల లేత్‌కి జీరో ఎక్స్ఏ చూడండి, ఏఎక్స్ఏ కొంచెం పెద్ద లేత్‌లకి, 9 అంగుళాల నుంచి 12 దాకా స్వింగ్ (బెడ్ మీద తిప్పగలిగే గరిష్ఠ డయా) ఉన్నవాటికి. అక్కడ కొన్న పోస్ట్‌కి టీ నట్టు మాత్రం కావాలంటే డ్రాయింగ్ ఉచితంగా పంపుతా, దగ్గర్లో ఎవరైనా మిల్లింగ్ చేసేవాళ్ల దగ్గర కోయించుకోండి.

స్టాకులో ఇప్పుడు టర్నింగ్ హోల్డర్లు, బోరింగ్ బార్ హోల్డర్లు ఉన్నాయి, పార్టింగ్ హోల్డర్లు అయిపోయాయి, నర్లింగ్ (చేతికి పట్టు దొరికేలా గరుకు గీతలు వేయడం) హోల్డర్ ఇంకా ట్రయల్లోనే ఉంది. ఆర్డర్లు కొలతలు అందిన వరసలోనే కోస్తాం, డబ్బు కట్టిన వరసలో కాదు, కాబట్టి పెండింగ్‌లో ఉన్నవాళ్లు ముందు ఆ రాడ్ ముక్క చక్‌లో పెట్టి కొలత తీసి పంపండి. ఫోటోలో వెర్నియర్ అంకెలు కనపడాలి, పోయినసారి చాలావాటిల్లో బొటనవేలే కనపడింది. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది, ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెడితే సోమవారం పొద్దున చూస్తా.