ఏఐ ఛానల్ ప్యాకేజీ ఆపేస్తున్నాం: ఎందుకో లెక్కతో సహా

మన స్టూడియో కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెలాఖరుతో ‘ఏఐ ఛానల్ ప్యాకేజీ’ ఆపేస్తున్నాం. మీ పేరు మీద యూట్యూబ్ ఛానల్ తెరిచి, నెలనెలా ఏఐతో నీతికథలు, భక్తి వీడియోలు చేసి ఎక్కించే పని ఇక తీసుకోం. పెళ్లి షూటింగులు, షాపుల యాడ్లు, పెద్దల ఆశీర్వాదం వీడియోలు ఎప్పటిలాగే ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు టెన్షన్ పడొద్దు, ఆ సంగతి కింద రాశాను.

‘ఏంది అన్నా, జనానికి డబ్బులొచ్చే టైంలో మానేస్తన్నావు, నువ్వొక్కడివే సంపాదించుకుందామనా?’ అని ఇప్పటికే కొందరు అడిగారు. అందుకే లెక్క విప్పి చెబుతున్నా.

యూట్యూబ్‌లో యాడ్ డబ్బులు రావాలంటే ముందు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గడిచిన ఏడాదిలో జనం మన వీడియోలు 4,000 గంటలు చూసి ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి, అంటే చిన్న నిలువు వీడియోలకి, కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ తెర మీద మొదలైతే చాలు, ఒక వ్యూ కింద కనిపిస్తుంది. డబ్బుకి, ఆ కోటి లెక్కకి మాత్రం వేలితో నెట్టేయకుండా ఆగి చూసినవే పనికొస్తాయి. ‘రెండు లక్షల వ్యూస్ అన్నా’ అంటూ ఫోన్ పట్టుకొచ్చే కుర్రాళ్లకి లోపలి పేజీ తెరిచి అసలు అంకె చూపిస్తే, టీ కూడా తాగకుండా వెళ్లిపోతారు.

ఆ గండం దాటాక వాటాలు. పెద్ద వీడియోల యాడ్ ఆదాయంలో మనకి 55 శాతం ఇస్తారు. షార్ట్స్‌లో అయితే సంగీతం ఖర్చులు పక్కన పెట్టి, మన వంతుకి వచ్చినదాంట్లో 45 శాతం. తెలుగు వీడియోలు ఎక్కువగా చూసేది మన దేశంలోనే, ఇక్కడి యాడ్ రేట్లు అమెరికా రేట్ల ముందు చాలా తక్కువ. అక్కడున్న మనవాళ్లు చూస్తే నాలుగు డబ్బులు ఎక్కువ పడతాయి గానీ, అమెరికా ట్యాక్స్ ఫారం నింపకుండా వదిలేస్తే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోత పెట్టొచ్చు. 100 డాలర్లు నిండేదాకా బ్యాంకులోకి రూపాయి రాదు. ఈలోపు చిరునామా సరిచూడటానికి గూగుల్ వాళ్లు పిన్ నంబరుతో పోస్టులో ఉత్తరం పంపుతారు. టంగుటూరు కస్టమర్ ఒకాయన ఆ ఉత్తరం కోసం పోస్ట్‌మ్యాన్‌ని రోజూ ఆపి అడిగి, చివరికి ఆయన్ని కూడా సబ్‌స్క్రైబర్‌గా చేర్చుకున్నాడు.

మాకూ సొంత ఛానల్ ఒకటుంది. డబ్బులు వస్తున్న మాట నిజమే. నెలకి వచ్చేది అద్దంకి బస్టాండ్ దగ్గరున్న ఈ షాపు కరెంటు బిల్లుకి సరిపోదు.

రేట్లు తక్కువైనంత మాత్రాన ప్యాకేజీ ఆపాల్సిన పని లేదు. ఆపడానికి అసలు కారణం వేరు. 2025 జులై 15న యూట్యూబ్ తన డబ్బుల నిబంధనని మార్చి రాసింది. మూసలో పోసినట్టు టోకున తయారుచేసే వీడియోలకి యాడ్ ఆదాయం ఉండదని తేల్చి చెప్పింది. ఏఐ వాడితే తప్పని ఎక్కడా లేదు. మన ఆలోచన, మన మాట అందులో ఉంటే ఏఐ వాడుకోవచ్చు. కానీ మా ప్యాకేజీ సంగతి చూడండి: ఒకటే ఏఐ గొంతు, ఒకటే రకం బొమ్మలు, ముసలమ్మ కథ మీకు, ముసలాయన కథ పక్కింటాయనకి. నెలకి 6,000 రూపాయలకి అంతకంటే విడిగా చేయడం మా వల్ల కాదు. మీరు ఏడాది ఓపిక పట్టి వెయ్యి మందిని చేర్చుకున్నాక, అప్లికేషన్ పెట్టుకుంటే తిప్పి కొట్టే అవకాశం బాగా ఉన్న సరుకు అది. తెలిసి తెలిసి దానికి నెలనెలా డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

పైగా ఆ పనికి ఇప్పుడు స్టూడియో అక్కర్లేదు. జియో 5జీ వాళ్లకి గూగుల్ ఏఐ జెమినీ ప్రో 18 నెలలు ఉచితంగా ఇచ్చారు, 2025 నవంబరు నుంచి చాట్‌జీపీటీ గో కూడా ఏడాదిపాటు ఊరికే ఇచ్చారు. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లోడు కూర్చుంటే మేం చేసేదంతా చేస్తాడు. వాడికి ఊళ్లో విషయాల మీద ఆసక్తి ఉంటే మాకంటే బాగా చేస్తాడు. ‘ఇంట్లో కూర్చుని నెలకి లక్ష’ అని కోర్సులు అమ్మేవాళ్లకి మాత్రం ఆదాయం వీడియోల మీద రాదు, కోర్సు ఫీజు మీద వస్తుంది. డబ్బు కట్టేముందు వాళ్ల ఛానల్ ఆదాయం పేజీని స్క్రీన్‌షాట్‌లో వద్దు, ఫోన్‌లో మీ ముందే తెరిచి చూపించమనండి.

వీడియోల మీద మాకు నిజంగా ఆదాయం వస్తున్నది షాపుల యాడ్ల నుంచి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్ ఒకదానికి ఈమధ్య అర నిమిషం వీడియో చేశాం. ఏఐ ఇచ్చిన బ్లాక్ గెలాక్సీ రాయి (మెరిసే చుక్కలుండే నల్ల గ్రానైట్) చూడ్డానికి అద్భుతంగా ఉంది, చుక్కలు దీపావళి చిచ్చుబుడ్డిలా మెరిశాయి. ఓనరు చూసి, ‘అబ్బాయ్, ఇట్టాంటి రాయి నా క్వారీలో లేదు, ఎవరైనా ఇదే కావాలంటే నేనేం చెయ్యాల?’ అన్నారు. పలకని పాలిష్ మిషన్ దగ్గర, కాస్త నీళ్లు చల్లి, ఎండ పక్కనుంచి పడేలా పెట్టి కెమెరాతో తీశాం. చుట్టూ పెద్ద భవంతి, లాబీ, మెట్లు మాత్రం ఏఐతో వేశాం. అప్పట్నుంచి ఇదే పద్ధతి: అమ్మే వస్తువు కెమెరాతో, చుట్టూ ఉండే హంగు ఏఐతో.

‘ఏఐ చేస్తుంది కదా, ఇంత రేటు ఎందుకు?’ అని బేరం ఆడేవాళ్లు ఒకసారి షాపుకొచ్చి పక్కన కూర్చోండి. ఒంగోలు గిత్త కావాలని అడిగితే ఇంతెత్తు పొడుగు కొమ్ములతో ఏదో ఎద్దుని ఇస్తుంది. మన గిత్తకి కొమ్ములు పొట్టి అని ఈ ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. ఇచ్చేవి ఎనిమిది సెకన్ల ముక్కలు. ఒక ముక్కలో ఉన్న జుంకాలు తర్వాతి ముక్కకి మారిపోతాయి. బోర్డు మీద తెలుగు అక్షరాలకి ఒత్తులు ఎగిరిపోతాయి. గొంతు సంగతి చెప్పనే వద్దు, వార్తలు చదివినట్టు ఉంటుంది. అందుకే యాడ్‌కి మాట మాత్రం ఓనరు చేతే చెప్పిస్తున్నాం, మన యాసలోనే. అర నిమిషం యాడ్ 4,000 రూపాయలు, మార్పులు రెండుసార్లు ఉచితం.

ఆశీర్వాదం వీడియో గురించి కూడా చెప్పాలి, పెళ్లిళ్ల సీజన్లో ఎక్కువగా అడిగేది అదే. చనిపోయిన తాతగారో, నాన్నగారో వచ్చి అక్షింతలు వేసినట్టు చేస్తాం. కొండపి దగ్గర్నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్లాయన నవ్వుతూ నడిచొస్తుంటే చూసి, ‘ఈయన ఎప్పుడూ ఇట్టా పళ్లు కనపడేలా నవ్వలా’ అన్నారు. నవ్వు తీసేసి, తల కొంచెం ఊపి చెయ్యెత్తేలా మార్చాం. అప్పుడు ‘ఇదిగో, ఈయనే’ అన్నారు. ఇకనుంచి ముందుగా ఇంట్లో పెద్దవాళ్లకి చూపించాకే మండపంలో వేస్తాం. చనిపోయినవారి భార్యో భర్తో, పిల్లలో ఒప్పుకున్నట్టు సంతకం కావాలి, అన్నదమ్ముల్లో ఒకరు వద్దన్నా చేయం. గొంతు మాత్రం తయారుచేయం, ఎంతిచ్చినా సరే. రాజకీయ నాయకులు, సినిమా హీరోలు వచ్చి దీవించినట్టు చేయమని దయచేసి అడగొద్దు. 2026 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ నిబంధనలు సవరించి, నిజంలా కనిపించే ఏఐ వీడియోలకి లేబుల్ తప్పనిసరి చేసింది. కాబట్టి మా వీడియోల మూల ‘ఏఐతో చేసినది’ అని ఉంటుంది, తీసెయ్యమంటే తియ్యం.

ఇక ప్యాకేజీలో ఉన్నవాళ్లు: ఛానల్ మీదే, జీమెయిల్ మీదే. యాడ్ డబ్బులు పడే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతా మనిషికి ఒకటే ఉంటుంది కాబట్టి అది మొదట్నుంచీ మీ పేరు మీదే తెరిచాం. షాపుకొచ్చి మీ ముందే పాస్‌వర్డ్ మార్చుకోండి, మా ఫోన్ నంబరు అందులోంచి తీయించుకోండి. వాడని నెలల డబ్బు అదే రోజు ఫోన్‌పేలో వేస్తాం. డబ్బు వద్దు, యాడ్ చేయించుకుంటాం అన్నవాళ్లకి ఆ మొత్తం యాడ్ బిల్లులో తగ్గిస్తాం. ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటాం, మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదింటి వరకు.

ఆశీర్వాదం వీడియోకి పాత ఫొటో ఇచ్చేవాళ్లు ఫ్రేమ్‌లోంచి తీసి అసలు ఫొటోనే తీసుకురండి, ఇక్కడే స్కాన్ చేసి ఇచ్చేస్తాం. రాలేనివాళ్లు వాట్సాప్‌లో మామూలుగా పంపకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే మొహం మసకబారుతుంది. ముహూర్తానికి పది రోజుల ముందైనా ఇస్తే మంచిది.