దోటి ఉందా మీ దగ్గర?

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం వచ్చి 23 రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మ. పని ఒత్తిడి ఉంటుందని నేనే సర్దిచెప్పాను. మొన్న శారదత్తయ్య ఫోను చేసి, ఏదో ఫొటోలో నీ చేతికి కట్టు కనిపించిందని అంది. ఆవిడ కళ్ళజోడు సంగతి మనకు తెలిసిందే. నేను పట్టించుకోలేదు.

ఇంతకీ ఇప్పుడు ఏ గింజలు ఏరుతున్నారు? వేప అయితే పసుపు తిరిగిన పళ్ళే తీసుకో. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోనే నాటెయ్యి. ఆలస్యమైతే మొలకెత్తే శక్తి పోతుంది. రేల అలా కాదు. నల్లటి పొడవాటి ఆ కాయను పగలగొడితే లోపల నాణేలు పేర్చినట్టు బిళ్ళలు, వాటి మధ్య ఒక్కో గింజ, చేతికంతా బంక. గింజ ఏళ్ళ తరబడి నిలుస్తుంది గానీ పెంకు గీరితేగానీ నీళ్ళు పీల్చదు. పంతంలో నీకు చెల్లెలు. ఆ కాయలు ఎత్తున వేలాడతాయి కదా, అందుకే అడుగుతున్నాను, దోటి ఉందా మీ దగ్గర? కింద దుప్పటి పరిచి, కొక్కెంతో కొమ్మ వంచి ఊపితే చాలు. చెట్టెక్కాల్సిన పని ఎవరికీ లేదు.

నేరేడు గింజలతో నేనూ పెదనాన్నా చేసిన నిర్వాకం చెప్పానా? చెప్పే ఉంటాను, మళ్ళీ విను. ఆయన పైనుంచి కొమ్మలు ఊపుతుంటే నేను కింద ఏరేవాణ్ణి. గోనె నిండాక గింజలు కడిగి, గలగలలాడేదాకా మేడమీద మూడు వారాలు ఎండబెట్టాం. విత్తనమన్నాక ఎండాలని మా తెలివి. డబ్బాలో పోసి మూత బిగించి, మరుసటి ఏడు తొలకరికి పెరడంతా గుంతలు తీసి నాటాం. రోజూ పొద్దున్నే గొంతుక్కూర్చుని చూడడమే. ఒక్కటీ రాలేదు. పెదనాన్న ఓపిక పట్టలేక ఒక గింజ తవ్వి గోటితో చీలిస్తే లోపల గోధుమరంగు పొడి. మేం తిని నీళ్ళతొట్టి పక్కన ఊసిన గింజలు మాత్రం ఈలోగా మోకాలెత్తు మొక్కలయ్యాయి, కొన్నిచోట్ల ఒకే గింజకు రెండేసి! నేరేడు గింజ తడి ఆరితే చచ్చిపోతుందని, ఒకే గింజలో ఒకటికి మించి పిండాలు ఉండవచ్చని చాలా ఏళ్ళకు తెలిసింది. నేరేడు కొమ్మ పెళుసు అన్న సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది. పెదనాన్న మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. నువ్వు చూస్తూనే ఉన్నావు.

ఉపన్యాసం ఇవ్వనని అమ్మకు మాటిచ్చాను. అయినా నాలుగు ముక్కలు. ఒకే చెట్టును దులపకు, దూరదూరంగా ఉన్న చాలా చెట్ల నుంచి తీసుకో. పండినవాటిలో అయిదో వంతు మించవద్దు, పక్షులకూ అడవికీ మిగలాలి. మొదట రాలినవాటిలో పురుగు ఎక్కువ. ఎండిన గింజలకు కాగితం సంచులే వాడు. ఏ చెట్టు, ఎక్కడ, ఏ రోజు అన్నది అక్కడికక్కడే రాసుకో. ఇంటికెళ్ళి రాస్తాననుకుంటే ఏమవుతుందో నీ పదో తరగతి నోటుపుస్తకాలు చెబుతాయి. గురివింద పెంకును ఇసుక కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, చేతులు కడుక్కో. ఆ పొడి విషం. చేతికి గాయం ఉంటే అసలు ముట్టుకోకు.

గాయం ఉందని నేను అనడం లేదు.

నీలం స్వెటరు, పొడుగు చేతుల చొక్కాలు రెండూ పంపుతున్నాను. వేసుకో, మడిచి దాచకు. జవాబు ఫోనులో వద్దు, కాగితం మీద రాయి, నీ చేత్తోనే రాయి. అక్షరాలు చూస్తే కట్టు ఏ చేతికో నాకే తెలుస్తుంది.

నాన్న